మూడో మెట్టు మీద ఎండిల్లు

అశ్విని కార్తె, మొదటి రోజు

ఈ పుస్తకంలో ఏ తెర ఎప్పుడు విప్పామో, ఎప్పుడు మూశామో తప్ప ఇంకేమీ రాయకూడదని మొండయ్య బావ మాటిమాటికీ చెబుతాడు. ఆయన మా మూడో మెట్టుకు పెద్ద. అక్షరాలు కూడబలుక్కోవడానికే ఆయనకు పూట పడుతుంది కాబట్టి నా ఇష్టం వచ్చింది రాస్తాను. గ్యాస్ గదిలో కూర్చునేది నేను, ఆయన కాదు.

పొద్దున తూర్పు చివరి ఆరిళ్ల పైకప్పు తెరలు విప్పాను. గ్యాస్ వదలగానే ఎప్పటిలాగే అద్దం మసకబారి, లేత గోధుమరంగు తిరిగి, తేటగా గాజైపోయింది. కుండీల్లో తోటకూర, మెంతికూర కాసేపు ఎండ తాగాయి. ఎండ ముదరకముందే గ్యాస్ ఆపి గాలి తిప్పాను. తెరలు మూసుకోలేదు. మళ్లీ తిప్పాను. మూసుకోలేదు.

వెంట్రుకను వెయ్యి పొరలుగా చీలిస్తే ఒక పొరంత ఉంటుందేమో ఆ లోహపు పూత. గ్యాస్ పీల్చుకుంటే గాజు, గాలి తగిలితే పీల్చుకున్నదంతా కక్కేసి మళ్లీ అద్దం. పైన నేల మీద పగటిపూట మనుషులు బతకలేకపోతున్నా, ఈ పాత బొగ్గుగని మెట్ల మీద కాపురాలు సాగుతున్నాయంటే ఆ పూత చలవే. అద్దం ఎండను వచ్చిన దారినే తిప్పి పంపేస్తుంది. గాజు మొత్తం లోపలికి రానిస్తుంది. మిట్టమధ్యాహ్నానికి ఆ ఆరిళ్లలో ఇత్తడి చెంబు ముట్టుకున్న మనిషికి వేళ్లు బొబ్బలెక్కాయి.

ఆరిళ్ల వాళ్లనూ మిగతా ఇళ్లకు పంచేశారు. మా ఒంటిగదిలోకి ఎల్లక్క, ఆమె కొడుకు, కోడలు స్రవంతి వచ్చారు. స్రవంతికి ఏడో నెల. మా ఆయన ఓదెలు మాత్రం పండగ చేసుకున్నాడు. పులిమేక ఆటలో ఆయనతో సమంగా మోసం చేయగలిగింది ఈ గని మొత్తంలో ఎల్లక్క ఒక్కతే.

భరణి కార్తె

పంచాయితీ పెట్టారు. "ఏమైందే భూలచ్చి నీ తెరలకు?" అన్నాడు మొండయ్య బావ, నా మొగుడికేదో అయినట్టు.

"వయసైపోయింది బావా. ఎనుకటి లెక్క గ్యాస్ కక్కుతలేవు. ముసలియైనయ్. ఇప్పుడు ఏది విప్పినా మళ్ల మూసుకోదు" అన్నాను.

అందరూ తలూపారు. ముసలితనం అంటే ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. ఇక మీదట మూడో మెట్టు మీద ఒక్క తెర కూడా విప్పకూడదని కట్టు చేశారు. ఉన్న అద్దాలను ఉన్నట్టే కాపాడుకోవాలి.

ఓదెలు గోడకానుకుని కూర్చుని అంతా విన్నాడు. కిందటి చలికాలం మాకు పైనున్న రెండో మెట్టు మీద బొగ్గు పొర అంటుకున్నప్పుడు ఇసుక పోసి ఆర్పడానికి వెళ్లినవాళ్లలో ఆయనొకడు. మంట ఆరలేదు, పొగ మాత్రం ఆయన ఛాతీలో కాపురం పెట్టింది. "ఓసారి కడిగి సూడరాదే" అన్నాడు దగ్గు మధ్యలో. "నా చాతిల ఎంత మసి ఉన్నదో వాటి మీద గూడ గంతే ఉంటది."

"తాగెతందుకే నీళ్లు లేవు. తెరలకు తలంటు పోద్దామా?" అన్నాను. జనం నవ్వారు. ఓదెలు కూడా నవ్వాడు. మాటకు మాట అనడంలో నన్ను మించినవాళ్లు లేరని ఆయన ఎప్పుడూ అంటుంటాడు.

భరణి కార్తె, ఆఖరు

సాయిలు తాత ఆఖరు ఊపిరి మీద ఉన్నాడు. ఇంటివాళ్లు వచ్చి నా కాళ్ల మీద పడ్డారు, తెర విప్పమని.

మా ఇళ్లలో వెల్లకిలా పడుకుంటే పైన మనకు మనమే కనిపిస్తాం. చంటిపిల్లలు ఆ బొమ్మతో ఆడుకుంటారు. ఓదెలు పొద్దున లేస్తూనే "ఆ ముసలోడు ఇయ్యాల గూడ నన్నే సూస్తున్నడు" అంటాడు. బతికున్నంతకాలం బాగానే ఉంటుంది. పోయేవాళ్లు మాత్రం తమ మొహం తాము చూసుకుంటూ పోకూడదు. అలా పోతే ఆ మనిషి అద్దాన్ని పట్టుకుని ఇంట్లోనే ఉండిపోతాడని మా నమ్మకం. అందుకే ఊపిరి పోయే ముందు తెర విప్పి ఆకాశం చూపిస్తాం. మా తాతలప్పటి నుంచీ ఎవరికీ ఇది తప్పలేదు.

విప్పితే ఆ ఇల్లు కూడా పోతుంది. విప్పకపోతే సాయిలు తాత పోయాక కూడా అక్కడే ఉంటాడు. అప్పుడు నాకు తట్టింది. "తూర్పు చివర ఎట్లనూ తెరిసే ఉన్నయి కదా. మంచం అక్కడికే మొయ్యుండ్రి" అన్నాను.

ఎండ ఎక్కకముందే మోశారు. తాత కళ్లు తెరిచి పైకి చూశాడు. "ఎంత పెద్దగున్నదిరా" అన్నాడు. అంతే. నోట్లో పోసిన నీళ్లు మింగకుండానే పోయాడు. ఏడ్చేవాళ్లు కూడా తృప్తిగా ఏడ్చారు. మొండయ్య బావ అందరి ముందూ "నీ తెలివికి దండమే భూలచ్చి" అన్నాడు. నాకూ బాగానే అనిపించింది, దాచుకోవడం దేనికి?

ఆ సాయంత్రమే జనం ఆ ఇంటికి ఎండిల్లు అని పేరు పెట్టారు. సాయిలు తాత మంచం వేసుకునే చోట ఇద్దరు పిల్లలు కాళ్లు చాపుకుని పడుకున్నారు. ఆ సంగతి కూడా అందరూ చూశారు.

కృత్తిక కార్తె

ఎండింటికి వెళ్లిన రెండో మనిషికి ఊపిరి బాగానే ఆడుతోంది. మంచం దిగలేదు, అంతే. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ప్రాణంతో ఉంది. మూడో మనిషి ఇంకాసేపు ఉన్నాడు. గోడలు మట్టివే కానీ పైకప్పు గాజు కాబట్టి రెండో మెట్టు మీద నిలబడితే లోపలిదంతా కనిపిస్తుంది. ఎవరూ చూడరు. అందరూ అటు వీపు పెట్టి కూర్చుంటారు. మనిషి కదులుతున్నాడా లేదా అని చూసి చెప్పడానికి మాత్రం ఆ మెట్టు మీద బండ నీడలో ఒకరిని పెట్టారు.

ఇది ఎటు పోతోందో నాకు కనిపిస్తూనే ఉంది. అందుకే పంచాయితీలో పట్టుబట్టి ఒక కట్టు చేయించాను. ఎవరినీ ఎవరూ మోసుకుపోకూడదు. పోయే మనిషి మెట్టు పెద్ద ముందు తన నోటితో తాను అడగాలి, "నాకు ఆకాశం చూపియ్యుండ్రి" అని. ఎవరు అడుగుతారులే అనుకున్నాను. మనుషులకు ప్రాణం తీపి కదా.

అడిగారు. ఇళ్లలో ఏం జరుగుతోందో నాకు తెలియనిది కాదు. కంచం పెడుతూ ఒకసారి, నీళ్లిస్తూ ఒకసారి, పక్క దులుపుతూ ఒకసారి, మంచి మాటలాగే అడుగుతారు: "ఆకాశం సూడాల్నని లేదా?" రోజుల తరబడి అదే మాట వింటే ఎవరైనా ఉందనే అంటారు.

ముసలి బానయ్య కూడా అలాగే అడిగాడు. తీసుకెళ్లాక పొద్దెక్కుతుండగా తలుపు బాదాడు. కొడుకు ఆగలేక తీసి ఇంటికి మోసుకొచ్చాడు. వచ్చేసరికి ఆయన చోటులో వేరేవాళ్ల పక్కలున్నాయి. తోపులాట, కొట్లాట, ఒకడికి తల పగిలింది. మర్నాడు బానయ్యే సిగ్గుపడి మళ్లీ అడిగాడు. ఈసారి కొడుకు చెవుల్లో గుడ్డలు కుక్కుకున్నాడు.

మళ్లీ అలాంటి గొడవ రాకుండా నేనే ఇంకో మాట చేర్చాను. ఒకసారి అడిగిన మాట వెనక్కి తీసుకోవడానికి లేదు. తలుపు గొళ్లెం ఇంటిమనిషే బయట నుంచి పెట్టాలి. పెట్టాక మధ్యాహ్నం దాటేవరకూ తీయకూడదు. శుభ్రంగా రాసి గోడకు అంటించాను. మొండయ్య బావ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అందరికీ చదివి వినిపించాడు.

రోహిణి కార్తె

మా గదిలో వంతులు వేసుకుని పడుకుంటున్నాం. స్రవంతికి కాళ్లు వాచిపోయాయి. ఓదెలు పడుకోలేడు, పడుకుంటే ఊపిరందదు. దుప్పట్లు ఎత్తుగా పేర్చి గోడకానించి కూర్చోబెట్టాలి. అలా ఇద్దరి చోటు ఆయన ఒక్కడికే పడుతుంది.

మొండయ్య బావ రోజూ ఒకసారి మెట్టంతా తిరిగి ఎవరు ఆకాశం అడిగేలా ఉన్నారో చూస్తాడు. ఆయన అడుగుల చప్పుడు వినగానే నేను ఓదెలు మొహం తుడిచి, నిటారుగా లేపి, ముందు పులిమేక గడి పెడతాను. ఎల్లక్క ఎదురుగా కూర్చుంటుంది. ఆయన చెయ్యి గింజను అందుకోలేకపోతే ఆమే జరిపి "అయ్యో, నా మేకను సంపినవ్ గదరా మరిది" అని నెత్తి కొట్టుకుంటుంది. బతుకంతా ఒక్క ఆటైనా ఓడిపోవడానికి ఒప్పుకోని మనిషి ఇప్పుడు రోజూ ఓడుతోంది.

"తమ్ముడు మంచిగనే ఉన్నడు గదా" అంటాడు మొండయ్య బావ.

"మంచిగ లేకేంది" అంటాను.

స్రవంతి అన్నం వడ్డిస్తూ అత్తను అడగడం మొదలుపెట్టింది. "ఆకాశం సూడాల్నని లేదా అత్తా?" ఎల్లక్క వినపడనట్టు నమిలింది. నాకు ఒళ్లు మండిపోయింది. స్రవంతిని బయటికి లాక్కెళ్లి దులిపేశాను. ఇంకోసారి ఆ మాట నా ఇంట్లో వినబడితే నాలుక కోస్తానన్నాను. ఆ పిల్ల తల వంచుకుని, కడుపు మీద చెయ్యి పెట్టుకుని, "నేనేడ పండుకొని కనాలె చిన్నత్తా?" అంది. అయినా తిట్టడం ఆపలేదు.

రోహిణి కార్తె, నడుమ

ఇవాళ ఓదెలుకు దగ్గు తెర వచ్చి కాళ్లు విదిలించుకుంటే నీళ్ల బిందె దొర్లిపోయింది. గదిలో అందరికీ రేపటిదాకా ఉండాల్సిన నీళ్లవి. నేల ఒక్క గుటకలో తాగేసింది. నేను అప్పుడే గ్యాస్ గది నుంచి వచ్చాను. కళ్లు తిరుగుతున్నాయి. నోరు పిడచగట్టుకుపోయి ఉంది.

"నీకింకా ఆకాశం సూడాల్నని లేదా?" అన్నాను.

నా నోటి నుంచే వచ్చింది. ఎవరి ఇంట్లోనైనా వినబడే మాటే కాబట్టి కోపంలో అదే దొరికింది. ఎల్లక్క ముఖం తిప్పుకుంది. స్రవంతి నా వంక చూసింది, గెలిచినట్టు కాదు, భయపడినట్టు. నేను వెంటనే కూర్చుని ఆయన కాళ్లు పట్టుకున్నాను. "యాష్టకొచ్చి అన్న. మనసుల పెట్టుకోకు" అన్నాను.

"లేకేంది, ఉన్నది" అన్నాడు ఓదెలు, నవ్వుతూనే.

కాసేపటికి మొండయ్య బావ వచ్చాడు. నేను గడి పెట్టేలోపే ఓదెలు దాన్ని పక్కకు నెట్టి, ఊపిరి కూడదీసుకుని అడిగేశాడు. "అన్నా, నాకు ఆకాశం సూపియ్యుండ్రి."

రోహిణి కార్తె, ఆ మర్నాడు

మొండయ్య బావతో పోట్లాడాను. ఆయనకు మతి సరిగా లేదన్నాను. మతి ఉందని చూపించడానికి ఓదెలు మా పెళ్లికి వచ్చినవాళ్ల పేర్లన్నీ ఒకటొకటిగా చెప్పాడు. నన్ను తీసుకుపోండన్నాను. అడిగింది నువ్వు కాదన్నారు. కట్టు మార్చమన్నాను.

"నువ్వు వెట్టిన కట్టేనే అది" అన్నాడు మొండయ్య బావ. "బానయ్యకు ఒకటి, నీ మొగనికి ఒకటి అంటే రేపు నా మాట ఎవడింటడు?"

ఓదెలు నన్ను దగ్గర కూర్చోమన్నాడు. "నన్ను ఊకె లేపి కూసోవెడుతవ్, ఆట ఆడిపిస్తవ్. పులేదో మేకేదో నాకు కనవడ్తలేదే భూలచ్చి. వదినె గెలుస్తున్నదో నేను గెలుస్తున్ననో గూడ ఎరుకలేదు. ఇగ సాలు." ఇన్ని రోజులుగా నేను దాచింది మొండయ్య బావ నుంచి అనుకున్నాను. ఆ దాపరికానికి అలసిపోయింది మాత్రం ఈయన.

రోహిణి కార్తె, ఆఖరు

పొద్దున ఆయన తల దువ్వాను. ఎండింట్లోకి నడిపించుకునే వెళ్లాను, మోయనివ్వలేదు. చాప పరిచి, గోడకానించి, పక్కన చెంబెడు నీళ్లు పెట్టాను. ఆ నీళ్లు ఎల్లక్క తన వంతులోంచి ఇచ్చింది. బయటికి వచ్చి గొళ్లెం నేనే పెట్టాను. ఆ తర్వాత గుమ్మం ముందు కట్టిన గోనెపట్టా నీడలో తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను.

మొదట్లో మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక గద్ద తిరుగుతోందన్నాడు. మబ్బు ఒకటి మేకపిల్లలా ఉందన్నాడు. కళ్లు కనబడని మనిషికి అవెలా కనిపించాయో, నాకోసం కల్పించి చెప్పాడో నాకు తెలియదు. ఊ కొడుతూ కూర్చున్నాను. తర్వాత మాటలు తగ్గాయి. నా వీపుకు తలుపు చెక్క వేడెక్కింది.

"భూలచ్చి, సాలే. సూసిన. ఇగ తియ్యి" అన్నాడు.

నేను లేచి గొళ్లెం మీద చెయ్యి వేశాను. మొండయ్య బావ ఒక చెయ్యి పట్టుకున్నాడు, బానయ్య కొడుకు ఇంకో చెయ్యి పట్టుకున్నాడు. నేను కొరికాను, తన్నాను. బానయ్య కొడుకు తన చెయ్యి రక్తం కారుతున్నా వదల్లేదు. "మా నాయిన గూడ గిట్లనే ఒర్రిండు చిన్నమ్మా" అన్నాడు. తిట్టలేదు, అరవలేదు. నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు అన్నాడు, అంతే.

ఓదెలు చాలాసేపు పిలిచాడు. తలుపు బాదే బలం ఆయనకు లేదు, అందుకని పేరు పెట్టి పిలిచాడు. రెండో మెట్టు మీద చూసి చెప్పే మనిషి, కదలడం లేదని చెయ్యి ఊపేసరికి పొద్దు పడమటికి వాలింది. అప్పుడే గాలి తిరిగింది. పడమటి నుంచి నల్లటి మబ్బు గని మీదికి వచ్చేసింది. ఈ ఏటికి మొదటి వాన. మనుషులు గిన్నెలు, బిందెలు పట్టుకుని బయటికి ఉరికారు. కొందరు గంతులేశారు. నేను నేల మీద పడి ఉన్నాను.

ఎండింటి పైకప్పు మీద నుంచి నీళ్లు నల్లగా కారాయి. కాటుక కలిపినంత నల్లగా, జిడ్డుగా వచ్చాయి. తర్వాత బూడిద రంగులో వచ్చాయి. తర్వాత తేటగా వచ్చాయి. నా కళ్ల ముందే ఆరిళ్ల తెరలూ గోధుమరంగు తిరిగి, మసకబారి, ఒక్కొక్కటిగా అద్దాలైపోయాయి.

వాటికి వయసైపోలేదు. మసి పట్టింది. అంతే.

గొళ్లెం తీస్తే లోపల చీకటి. దీపం తెచ్చాను. ఓదెలు వెల్లకిలా పడి ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి. పైన అద్దంలో ఇంకో ఓదెలు కళ్లు తెరుచుకుని ఆయన్నే చూస్తున్నాడు. కదలిక ఆగింది సరే, ఆయన ఊపిరి ముందు పోయిందో, తెర ముందు మూసుకుందో ఎవరూ చెప్పలేకపోయారు. చూసి చెప్పే మనిషి అప్పటికే గిన్నె పట్టుకుని వానలోకి వెళ్లిపోయాడు. ఏది జరగకూడదని ఇన్ని చేశామో అదే జరిగింది.

మృగశిర కార్తె

వాన మళ్లీ రాలేదు. ఎండ మాత్రం వచ్చింది. నేను ఆరిళ్ల తెరలూ విప్పి చూశాను, మూసి చూశాను. కొత్తవాటిలా పని చేస్తున్నాయి. ఇక మసి పడితే రెండు బిందెల నీళ్లతో కడుక్కుంటే చాలు. అది ముసలితనం కాదు మసి అని, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోవచ్చని మొండయ్య బావకు చెప్పాను. "ఈ ముచ్చట జనానికి ఎట్ల జెప్పాలె?" అన్నాడు ఆయన. జనాన్ని ఇళ్లకు పంపాడు గానీ తెరలు ఎందుకు బాగయ్యాయో చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నల్లనీళ్లు అందరూ చూశారు. వాటి గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇవాళ స్రవంతి గ్యాస్ గదికి వచ్చింది. వెనకాల మొండయ్య బావ, బానయ్య కొడుకు, ఇంకా ఎండింటికి మనిషిని పంపిన ఇళ్ల వాళ్లందరూ వచ్చారు.

"మా అత్త నిన్న అడిగింది చిన్నత్తా. పెద్దాయన ముందటనే అడిగింది. తెర విప్పాలె" అంది స్రవంతి.

"ఎందుకు? మీ ఇల్లు మీకచ్చింది గదా. చోటున్నది, నీళ్లున్నయి. ఎల్లక్క నడుస్తున్నది, తింటున్నది" అన్నాను.

బానయ్య కొడుకు ముందుకు వచ్చాడు. నేను కొరికిన చేతికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. "ఎల్లవ్వ అడిగి గూడ ఇంట్ల కూసుంటే, మా నాయిన ఎందుకు వోయినట్టు? సాయిలు తాతనంటే సరే, మిగిలినోళ్లంత ఎందుకు వోయినట్టు?" నా కళ్లలోకి చూశాడు. "ఓదెలు బాపు ఎందుకు వోయినట్టు?"

నేను లేచి ఎల్లక్క దగ్గరికి వెళ్లాను. తన ఇంటి ముందు అరుగు మీద పులిమేక గడి పరుచుకుని ఒక్కతే కూర్చుని ఉంది. పులులూ తనే, మేకలూ తనే.

"నువ్వే అడిగినవా అక్కా?"

"వాళ్లడిగిండ్రు. నేను తలూపిన" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "రానని అనాల్నంటే నాకు ఇప్పుడు నోరు రాదు చెల్లె. అందరు వోయిండ్రు. నేనొక్కదాన్నే ఏం మొకం వెట్టుకొని ఉండాలె? పొయ్యేటప్పుడు గా అద్దం మాత్రం నా మీదికి రానియ్యకు. జర సూసుకో."

కాదనడానికి నా దగ్గర ఒకే ఒక్క మాట ఉంది. తెరలకు ముసలితనం అని చెప్పింది నేను, నాది తప్పు, ఎవరూ పోవాల్సిన అవసరం లేకపోయింది. ఆ మాట అంటే ఎల్లక్క ఉంటుంది. అంటే ఓదెలు తలుపు వెనక నుంచి పిలిచిందంతా ఊరికే పిలిచినట్టు అవుతుంది. గొళ్లెం నేను ఊరికే పెట్టినట్టు అవుతుంది. నోటిదాకా వచ్చింది. మింగాను.

స్రవంతి తన చేత్తోనే గొళ్లెం పెట్టింది.

మొండయ్య బావ కోరినట్టే ఇక నుంచి ఈ పుస్తకంలో తెరల సంగతి తప్ప ఇంకేమీ రాయను.

తూర్పు చివరి మొదటి ఇంటి తెర పొద్దున విప్పాను. మధ్యాహ్నం దాటేవరకూ గ్యాస్ ఆపలేదు. మధ్యలో ఒక్కసారి కూడా మసకబారలేదు. తెర బాగా పని చేస్తోంది.